పేరు నమోదు: రెండు గడులు, ఒక సాక్ష్యం

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న అరసవల్లి నుండి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. వారి ఇంట అత్తగారి కాలం నుండి బిర్యానీ మసాలా తయారుచేసి తెలిసినవారికి అమ్ముతున్నారు. రెండు రమజానుల క్రితం ఆమె దానికొక పేరు పెట్టి పొట్లాలపై ముద్రించారు. ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించేందుకు నెట్ సెంటరుకు వెళ్ళగా, 'ఎప్పటి నుండి వాడుకలో ఉంది' అన్న గడి వద్ద అక్కడి వ్యక్తి పాత సంవత్సరమేదైనా వేస్తే బలంగా ఉంటుందని సలహా ఇచ్చాడట. "మసాలా చేస్తున్నది అత్తగారి కాలం నుండే కదా, అలా రాయవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

ముందుగా నమోదు విధానాన్ని గూర్చి నాలుగు మాటలు. ట్రేడ్‌మార్కుల చట్టం 1999లో వచ్చింది; 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో ఉంది. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. ఆమదాలవలసలో రైలెక్కి అంతదూరం పోవలసిన పని లేదు. 'టీఎం-ఏ' దరఖాస్తును ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు. 2017 నిబంధనల ప్రకారం వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కొక్క తరగతికి రుసుము ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలు, కాగితంపై అయితే 5,000. సరుకులు, సేవలు కలిపి 45 తరగతులు. మసాలాలు 30వ తరగతిలో ఉన్నాయి. అటువంటి పేరు మరెవరికైనా ఉన్నదేమో వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు.

ఇక ప్రశ్నకు వద్దాం. ఆ గడి అడుగుతున్నది మసాలా ఎప్పటిదని కాదు, ఆ పేరు ఎప్పటిదని. వంట అత్తగారిదే కావచ్చు, పేరు మాత్రం రెండు రమజానుల నాటిది. కాబట్టి రాయవలసింది ఆ తేదీయే. అంతకుముందరి తేదీ రాస్తే అది అసత్యమే అవుతుంది. పైగా దరఖాస్తు తేదీకి ముందే వాడుక ఉన్నదని చెప్పేవారు దానిని బలపరిచే పత్రాలతో పాటు ప్రమాణపత్రం కూడా సమర్పించాలి. ప్రమాణపత్రమంటే సాక్ష్యమే. అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (సఅసం) ఘోర పాపాలలో ఒకటిగా హెచ్చరించిన సంగతి మనకు తెలియనిది కాదు.

ఒక్క తేదీ వల్ల ఎవరికి నష్టమని అనిపించవచ్చు. చట్టంలోని 34వ సెక్షను ముందు నుండి పేరును వాడుతున్నవారి హక్కును కాపాడుతుంది. రేపు విజయనగరంలోనో టెక్కలిలోనో మరొక పేదవర్తకుడు నిజంగా మనకన్నా ముందే అదే పేరుతో అమ్ముతూ ఉంటే, మన అబద్ధపు తేదీ అతని హక్కును కాజేస్తుంది. తోటి మనిషి హక్కును అతడే క్షమించాలి గాని, మన నమాజులు దానిని తీర్చలేవు.

రెండవ గడి దరఖాస్తుదారు పేరు. శ్రమ, వ్యాపారం భార్యవైతే అలవాటు కొద్దీ భర్త పేరు రాయడం మన ఇళ్ళలో కద్దు. స్త్రీ సంపాదన ఆమెదేనని మన ధర్మం ఎన్నడో చెప్పింది. వ్యాపారం ఎవరిదో వారి పేరే రాయాలి. ఈమెయిలు, ఫోను నంబరు కూడా నెట్ సెంటరువి కాక మనవే ఇవ్వాలి. పరీక్షా నివేదికలో అభ్యంతరం వస్తే, అది అందిన నెలలోగా జవాబివ్వాలి. ఆ ఉత్తరం మరొకరి ఈమెయిలులో పడి ఉంటే రుసుము, శ్రమ రెండూ వృథా.

పేరు ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. ఊరి పేరును, సరుకు పేరును మాత్రమే కలిపి పెడితే అభ్యంతరం రావచ్చు. పవిత్ర నామాల విషయం మరింత సున్నితం. 'రామాయణ్' అన్న పేరుతో అగరువత్తుల వ్యాపారి చేసిన దరఖాస్తుపై 2015లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, పవిత్ర గ్రంథాల పేరును ఏ ఒక్కరూ సరుకుకు సొంత చిహ్నంగా కోరజాలరని చెప్పింది. ఖుర్ఆన్‌కూ అదే వర్తిస్తుంది. పొట్లం చించి చెత్తబుట్టలో వేస్తారన్న సంగతి తలచుకుంటే, చట్టం చెప్పకున్నా మనం ఆగవలసిన విషయమే.

దరఖాస్తు చేశాక పేరు పక్కన 'టీఎం' అని వేసుకోవచ్చు. వృత్తంలోని 'ఆర్' గుర్తు మాత్రం నమోదు పూర్తయ్యాకే వేయాలి. పత్రికలో ప్రచురించిన నాటి నుండి నాలుగు నెలల వరకు ఇతరులు అభ్యంతరం తెలుపవచ్చు. నమోదైతే దరఖాస్తు తేదీ నుండి పదేళ్ళు చెల్లుతుంది, ఆపై పునరుద్ధరించుకోవచ్చు.

సోదరీ! ఆ రమజానులో పొట్లాలు ముద్రించిన ప్రెస్సువారి బిల్లు వెతికి తీయండి. అదే మీ తేదీకి ఆధారం. లావాదేవీలు రాసిపెట్టుకొమ్మని అల్ బఖరా సూరా 282వ ఆయతులో అల్లాహ్ ఆదేశించినది ఇటువంటి వేళల కోసం కూడానేమో! రెండేళ్ళే అయినా నిజమైన రెండేళ్ళు చాలు. అల్లాహ్ మీ సంపాదనలో శుభం ప్రసాదించుగాక.