గృహవైద్యము : హ్రస్వదృష్టియు, కాంటాక్టు లెన్సులును

ఆరు డయాప్టర్లకు మించిన హ్రస్వదృష్టి గలవారికి దళసరి సులోచనములు వస్తువులను చిన్నవిగఁ జూపును. కనుగ్రుడ్డుపైననే యమరు కాంటాక్టు లెన్సులతో నీ చిక్కు తక్కువ. చేతులు సబ్బుతోఁ గడిగి, తడి యాఱిన పిదపనే వానిని ముట్టవలెను. మంచినీటనైనను లెన్సులను గడుగరాదు. నీటిలోని సూక్ష్మజీవులు కంటిని పుండుపఱుపవచ్చును. వానిని ధరించి నిద్రింపరాదు, స్నానమాడరాదు.

ముఖ్యమైన మాట యొకటి. లెన్సు చూపును దిద్దును గాని, సాగిన కనుగ్రుడ్డును పొట్టిచేయదు. ఆ సాగుదలచే లోపలి రెటీనా పొర పలుచనై చిరుగవచ్చును. కావున చూపు బాగుగ నున్నను ఏఁటేఁట కంట మందు వేయించుకొని యా పొరను వైద్యునిచేఁ బరీక్షింపించుకొనవలెను. అకస్మాత్తుగ మెఱుపులు, క్రొత్తగ నల్లని చుక్కలు, తెర వ్రాలినట్టి నీడ కనఁబడినచో, పిల్లలకు అన్నము పెట్టి పోవుదమని జాగుసేయక, ఆ దినముననే నేత్రవైద్యునికడ కేగుఁడు.