అత్యవసర విభాగంలో తెరకు తాళమా?



నా ఉద్యోగ కాలంలో రోగి వివరాలన్నీ మంచానికి వేలాడే కేసు షీటులో ఉండేవి. నేడవి కంప్యూటరులోకి చేరాయి. ఈ మార్పు స్వాగతించదగినదే. అయితే దానితోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది.

కొంతకాలం క్రితం ఊపిరాడక బాధపడుతున్న మా బంధువును ఒక ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాను. వెంటనే ఆక్సిజన్ పెట్టారు. ఇంజెక్షను ఇవ్వబోతూ, ఆయనకు పడని మందులేవో చూడమని డ్యూటీ డాక్టరు నర్సును కోరారు. పాత వివరాలు కంప్యూటరులో ఉన్నాయి, తెరకు మాత్రం తాళం పడి ఉంది. ఆమె చేతి తొడుగులు విప్పి, రెండుసార్లు తప్పు పాస్‌వర్డు కొట్టి, చివరికి కీబోర్డు అడుగున అతికించిన చీటీ చూసి తెరిచింది. అదృష్టవశాత్తు నష్టమేమీ జరగలేదు. కాని నర్సును ఆపిన ఆ తాళం, చీటీ చూసిన దొంగను ఆపగలదా?

కొన్ని నిమిషాలు ఎవరూ తాకకపోతే తెర మూసుకుపోవాలన్న నియమం నెట్‌వర్కులోని కంప్యూటర్లన్నింటికీ ఒకేసారి అమలవుతుంది. దాని ఉద్దేశం మంచిదే. రోగి గుట్టు పరుల కంట పడరాదు. ఒకరి పేరుతో మరొకరు మందులు రాయరాదు. 2023లో మన దేశంలో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా ఈ బాధ్యతను గుర్తుచేస్తోంది.

అయినా రోగులందరికీ ఒకే మందు, ఒకే మోతాదు ఇచ్చే వైద్యుడుంటాడా? బిల్లుల కౌంటరుకూ ఐసీయూకూ ఒకే నియమం పెట్టడం అటువంటిదే. అమెరికాలో 2003లో వెలువడిన ఆరోగ్య సమాచార భద్రతా నిబంధనలు సైతం, తనంతట తాను లాగౌట్ అయ్యే ఏర్పాటు ఎక్కడైనా పొసగకపోతే, కారణం రాసిపెట్టి తగిన ప్రత్యామ్నాయం చూపే వెసులుబాటునిచ్చాయి.

నా అభిప్రాయం ఇది. రోగుల గుండె లయను, ఆక్సిజన్ స్థాయిని నిరంతరం చూపే ఐసీయూ తెరలకు తాళం ఉండరాదు. వాటిపై పూర్తి పేర్లకు బదులు మంచం నంబర్లు చాలు. ఆపరేషను థియేటరులోను, అత్యవసర విభాగంలోను ఉన్న ఉమ్మడి కంప్యూటర్లకూ మినహాయింపు ఇవ్వాలి. అయితే కేసు వివరాలు మాత్రం ఎవరి గుర్తింపు కార్డు తాకిస్తే వారి పేరుతోనే తెరుచుకోవాలి. ఆ యంత్రాలలో ఈమెయిలు, ఇంటర్నెట్టు, పెన్‌డ్రైవు పనిచేయరాదు; అవి సందర్శకులకు అందని చోట ఉండాలి. ఓపీ కౌంటరులో, మందుల గదిలో, కార్యాలయంలో తాళం తప్పనిసరి.

ఈ జాబితాను కంప్యూటరు విభాగం ఒక్కటే తయారుచేస్తే చాలదు. రాత్రి డ్యూటీ చేసే నర్సును, వైద్యుణ్ణి కూర్చోబెట్టుకుని రాయాలి. ఏటా తిరిగి పరిశీలించాలి. సడలింపు అంటే నిర్లక్ష్యం కాదు, ఒక రక్షణ స్థానంలో మరొకటి పెట్టడం.

చివరగా మీకొక మాట. మీకు పడని మందులు, రోజూ వాడే మందులు, ఉన్న జబ్బులు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. దానిని చదవడానికి ఏ పాస్‌వర్డూ అక్కరలేదు.