వాడ మాటలు – 17: పది రోజుల రైతు



పోయిన వారం ఈ శీర్షిక రాలేదు. ఏమైందన్నా అని చాలామంది అడిగారు. ఏమీ కాలేదు. పది రోజులు రైతు అవతారమెత్తాను. ఆ సంగతే ఇవాళ చెప్తాను. పొడుగైనా ఓపిగ్గా చదవండి.

చేవెళ్ల దిక్కు ఒక మిత్రుడికి రెండెకరాల ఫామ్‌హౌస్ ఉంది. మన మీటింగులకు వచ్చే మనిషి. మన పుస్తకాలు అచ్చు కావడానికి చందా ఇచ్చిన మనిషి. పుట్టుక అగ్రకులం, మాట అభ్యుదయం. భార్యాభర్తలు అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి పోతూ, "రెండు కుక్కలున్నయి, మన మనిషి ఒకరుంటే మాకు ధైర్యం. నువ్వు ప్రశాంతంగా రాసుకోవచ్చు" అని తాళాలు చేతిలో పెట్టారు.

ముందు నిజం ఒప్పుకుంటాను. నాకు చాలా నచ్చింది.

తెల్లారక ముందే నెమళ్లు అరుస్తాయి. బోరు మోటర్ వేసిన చప్పుడు, ఆ వెంటనే డ్రిప్ పైపుల్లో నీళ్లు పారే సన్నని చప్పుడు. పాలకూర, మెంతి మడులు. గంపలో నాటుకోడి గుడ్లు. టమాటాలు తెంపుకొచ్చి అప్పటికప్పుడు పచ్చడి. మధ్యాహ్నం వేపచెట్టు కింద నులకమంచం. ఆ రాతి గోడకు ఆనుకుని దిగిన ఫోటో పెడితే మీలో చాలామంది "స్వర్గం అన్నా" అన్నారు. నేనూ గుండె బొమ్మలు పెట్టి జవాబిచ్చాను.

పైన రాసిన పేరా ఇంకోసారి చదవండి. అందులో మోటర్ వేసినవాళ్లు లేరు. మెంతి మడికి కలుపు తీసినవాళ్లు లేరు. గుడ్లు గంపలోకి వాటంతట అవే రాలేదు. దళిత రచయితనని చెప్పుకునే నేనే, మొదటి మూడు రోజులు, శ్రమ చేసే మనిషిని చూడకుండా ప్రకృతిని చూశాను. ఈ రోగం పై కులాలకే ఉంటుందనుకున్నాను. తాళాలు చేతికొస్తే మనకూ అంటుకుంటుంది.

మూడో రాత్రి కుక్కలు మొరిగాయి. అడవి పందులేమోనని టార్చిలైటు పట్టుకుని బయటికొచ్చాను. గోడ వెంట నడుస్తుంటే మా తాత యాదికొచ్చాడు. ముప్పై ఏళ్లు ఆయన చేసింది ఇదే పని. దొర చేను మధ్య మంచె మీద పండుకుని రాత్రంతా పందులను కొట్టుడు. దాన్ని "జీతం ఉండుడు" అన్నారు. ఏడాదికి ఇన్ని వడ్లు, ఒక గొంగడి. చెప్పులు ఆయనే కుట్టుకోవాలి, దొరకూ ఆయనే కుట్టాలి. అప్పు మాత్రం తీరదు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అది మా ఊరి దొర గడీ గడప తొక్కేసరికి ఇంకో పదేళ్లు పట్టింది.

అదే రాత్రి, అదే పొలం, అదే కాపలా. ఆయన కాస్తే జీతగాడు. నేను కాస్తే అతిథి. తేడా ఒక్కటే. పదకొండో రోజు నేను వెళ్లిపోవచ్చు. తాత పోలేకపోయాడు. పల్లె జీవితం తీయగా ఉండేది బయటికి పోయే దారి ఉన్నవాడికే.

అందుకే పల్లెను పొగిడేవాళ్లను చూస్తే బాబాసాహెబ్‌కు ఒళ్లు మండింది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ, పల్లె అంటే సంకుచితత్వానికి, అజ్ఞానానికి, మతతత్వానికి నిలయమని మొహమాటం లేకుండా చెప్పాడు. రాజ్యాంగానికి మూలం ఊరు కాదు, వ్యక్తి అన్నాడు. ఎందుకన్నాడో ఊరికి పోయి వచ్చేవాళ్లకు అర్థం కాదు. ఊరి అవతల పుట్టినవాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇప్పుడు నేను చూడని మనిషి దగ్గరికి వస్తాను. ఇంటి వెనక రేకుల గదిలో ఒక అక్క, ఆమె పెనిమిటి ఉంటారు. మొదట నన్ను "సార్" అన్నది. కూర్చో అంటే కూర్చోలేదు. నాలుగో రోజు నా ల్యాప్‌టాప్ మీద బాబాసాహెబ్ బొమ్మ చూసింది.

"మీరు మనోళ్లేనా సార్?"

"అవునక్కా."

మర్నాటి నుంచి "తమ్మీ" అయింది. చాయ్ తెచ్చి మెట్టు మీద కూర్చుంది. ఆరో రోజు మామూలుగా, పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టుగా చెప్పింది.

"ఈ జాగ మా నాయినదే తమ్మీ."

వాళ్ల నాయినకు సర్కారు ఇచ్చిన లావుణి పట్టా. అంతా రాళ్లే. అమ్మా నాయినా ఎండాకాలాలు రెండు ఏరితే జొన్న వేసే చెలక అయింది. నాయినకు జబ్బు చేసినప్పుడు ఊరి పెద్దమనిషి ఆస్పత్రి ఖర్చులకని పైసలిచ్చి తెల్ల కాగితం మీద ఏలిముద్ర వేయించుకున్నాడు. నాయిన బతకలేదు. భూమి మూడు చేతులు మారి నా మిత్రుడికి చేరింది. ఇప్పుడు అదే భూమిలో ఆమె ఇద్దరి పేరు మీద నెలకు పన్నెండు వేలకు నీళ్లు పెడుతోంది.

"ఆ గోడల రాళ్లు మా నాయిన ఏరినయే" అన్నది.

నేను ఆనుకుని ఫోటో దిగిన గోడ అది. అదే రోజు ఆ ఫోటో తీసేశాను.

చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇక్కడ ఒక విషయం రాసిపెట్టుకోవాలి. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం చేసింది. భూమి లేని పేదకు సర్కారిచ్చిన భూమిని కొనడం చెల్లదు. అలా చేతులు మారితే అధికారులు స్వాధీనం చేసుకుని, ఇచ్చినవాళ్లకో వాళ్ల వారసులకో తిరిగి ఇవ్వవచ్చు. చట్టం ఉంది. హైదరాబాద్ చుట్టూ అసైన్డ్ భూముల మీద లేచిన గేట్లూ ఉన్నాయి. రెండూ ఒకే దేశంలో ఉన్నాయి.

2011 జనగణనలో ఈ దేశంలో మన జనాభా 100కి 16.6. 2015-16 వ్యవసాయ గణనలో సాగు విస్తీర్ణంలో మన చేతిలో ఉన్నది 100కి 9 కూడా లేదు. 2014 ఆగస్టు 15న తెలంగాణలో దళిత కుటుంబానికి మూడెకరాల పథకం మొదలుపెట్టారు. కొనడానికి భూమి దొరకడం లేదని తర్వాత చెప్పారు. మనకు పంచడానికి దొరకని భూమి ఫామ్‌హౌసులకు ఎట్లా దొరికింది?

2018లో రైతుబంధు వచ్చింది. పంటకు ఎకరానికి 4,000, తర్వాత 5,000. పట్టాదారుకే ఇచ్చారు. కౌలుకు చేసేవాడికి లేదు, కూలికి లేదు. "నాకూ పడ్డయి" అని నా మిత్రుడు ఒకసారి నవ్వుతూ చెప్పాడు. ఆ చెలకలో రాళ్లు ఏరినవాళ్ల బిడ్డకు ఒక్క రూపాయి రాలేదు. 2020లో ధరణి వచ్చాక పహాణీలో సాగు చేసేవాడి పేరు రాసే కాలమే ఎగిరిపోయింది. మట్టిలో ఉన్న మనిషి కాగితంలో లేకుండా పోయాడు. వారానికి ఒక రోజు వచ్చే మనిషి రైతయ్యాడు.

జవాబులు నాకు తెలుసు. "మేం కష్టపడి సంపాదించిన డబ్బుతో కొన్నాం" అంటారు. నిజమే కావచ్చు. మీరు కష్టపడ్డారు కాబట్టి ఆమె నాయిన కష్టం రద్దయిపోదు. "వాళ్లకు పని ఇస్తున్నాం" అంటారు. భూమి ఉన్నవాడిని కూలీని చేసి, ఆ కూలి ఇవ్వడాన్ని దానంగా చెప్పకండి. "మట్టిలోకి తిరిగి వెళ్తున్నాం" అంటారు. మట్టిలోంచి మేం ఎప్పుడు బయటికొచ్చాం? మమ్మల్ని గెంటితే వచ్చాం.

ఫామ్‌హౌస్‌లో సంతోషంగా ఉండడం నేరమని నేననను. చెట్టు నీడ అందరిదీ. మన పిల్లలూ ఒకరోజు తమ సొంత చెట్టు కింద మంచం వేసుకోవాలి. నా కోపం నీడ మీద కాదు. నీడ కింద పడుకుని, నీళ్లు పోసిన మనిషిని కనపడకుండా చేసే కన్ను మీద. అది మూడు రోజులు నా కన్నే.

ఫోన్‌లో మిత్రుడికి చెప్పమంటావా అని అక్కను అడిగాను. పని పోతే ఎట్లా అని రాత్రంతా వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. పొద్దున వచ్చి, "చెప్పు తమ్మీ, ఆయనకు తెల్వాలె" అన్నది. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను మూడో చేతిలో కొన్నాను, నాకు తెలియదు" అన్నాడు. నమ్ముతాను. ఇప్పుడు తెలిసింది కదా? దీన్ని బయట రాయాలా అని అడిగాడు. ఊరి పేరు, మీ పేరు, ఆమె పేరు రాయను, విషయం రాస్తాను అన్నాను. వచ్చే పుస్తకానికి ఆయన చందా వస్తుందో రాదో తెలియదు. రాకపోతే మనమే తలా వంద వేసుకుందాం.

ఆయన ముందు మూడు మాటలు పెట్టాను. పని మానిపించకూడదు. నెల జీతం ఇద్దరికీ విడివిడిగా, వారానికి ఒక రోజు సెలవుతో ఇవ్వాలి. భూమి కాగితాలన్నీ ఆమె ముందు, ఆమె నమ్మిన వకీలు ముందు విప్పాలి. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు. చెప్పాక అదీ ఇక్కడే రాస్తాను, మంచైనా చెడైనా.

మీకూ ఒక పని. సెలవులకు ఊరికి పోతారు కదా, మండల ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ ఊరి 1954-55 కాస్రా పహాణీ, అసైన్‌మెంట్ రిజిస్టరు నకళ్లు అడగండి. వాడలో ముసలోళ్లను కూర్చోబెట్టి పేర్లు చదివి వినిపించండి. ఏ సర్వే నంబర్ దగ్గర వాళ్ల కళ్లు ఆగుతాయో చూడండి. అక్కడ ఇప్పుడు ఏ గేటు ఉందో పోయి చూడండి.

పదకొండో రోజు తాళాలు అక్క చేతికే ఇచ్చి బస్సెక్కాను.

వచ్చే వారం: తెల్ల కాగితం, ఏలిముద్ర.

జై భీం.