పాయింట్ టూ టూకి ఎంత కన్ను కావాలి?

తుపాకీ అనగానే మన కుర్రకారుకి రెండు మోజులు. ఒకటి తుపాకీ మీద, రెండోది దాని నెత్తిన కూర్చునే గొట్టం మీద. సినిమాల పుణ్యమా అని, ఆ గొట్టంలోంచి చూస్తే చాలు, గుండు దానంతటదే పోయి తగులుతుందని నమ్మేవాళ్ళు చదువుకున్నవాళ్ళలోనూ ఉన్నారు. నేను పలాస వైపువాణ్ణి. ఎన్.సి.సి.లో పాయింట్ టూ టూ రైఫిలు పట్టినవాణ్ణి. ఆ కొద్దిపాటి అర్హతతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. జిల్లా రైఫిల్ క్లబ్బులో చేరాలనుకునే మిత్రులు తరచు నన్నడిగే ప్రశ్న ఒకటుంది: "తక్కువలో మంచి స్కోపు ఏదిరా?" దీనికి జవాబు అంగడిలో లేదు, ఆ రైఫిల్లోనే ఉంది అని నా అభిప్రాయం.

ముందు ఆ రైఫిలు సంగతి చూద్దాం. దాని తూటా అడుగున ఉండే అంచు మీద పిన్ను కొట్టగానే మందు అంటుకుంటుంది. అందుకే దాన్ని రిమ్‌ఫైర్ అంటారు. గుండు బరువు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. మన పలాస 180 నంబరు జీడిపప్పు గుండు ఒక్కటీ అంతే తూగుతుంది! దెబ్బకి భుజం అదరదు. ఎన్.సి.సి.లో దాంతో 25 గజాల్లో కాలుస్తాం, పోటీల్లో 50 మీటర్లలో కాలుస్తారు. ఇంత చిన్న పనికి ఎంత పెద్ద అద్దం కావాలి? అసలు ప్రశ్న ఇదీ.

అంగట్లో స్కోపు మీద 4×32 అనో, 3-9×40 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో చెబుతుంది. గుణకారం గుర్తు తరవాతది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. మనవాళ్ళు తొమ్మిదిని చూసి నాలుగుని చిన్నచూపు చూస్తారు. పలాస, కాశీబుగ్గల్లో పుట్టినవాడు మాత్రం ఈ పొరపాటు చెయ్యకూడదు. జీడిపప్పులో 180 నంబరు గొప్పదా, 320 నంబరు గొప్పదా? పౌనుకి ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే అంకె అది. చిన్న అంకెకే పెద్ద ధర. అంకె పెద్దదైతే సరుకు గొప్పదని జీడి బట్టీల్లో ఏరుడు పని చేసే ఆడవాళ్ళ దగ్గర అని చూడండి, నవ్వుతారు.

తొమ్మిది రెట్లు పెట్టుకుంటే గురితోపాటు చేతి వణుకూ తొమ్మిది రెట్లు కనిపిస్తుంది. చూపు కందే మేర చిన్నదైపోతుంది. వెలుతురూ తగ్గుతుంది. ఇది చిన్న లెక్కే: ముందు అద్దం వెడల్పుని రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం వస్తుంది. 4×32కి 8 మిల్లీమీటర్లు. 40 అద్దాన్ని తొమ్మిది రెట్లకు తిప్పితే నాలుగున్నరకి లోపే. పైగా రెట్లు మార్చే స్కోపులో అద్దాలూ, కదిలే భాగాలూ ఎక్కువ. అదే ధరకి వాటన్నిటినీ ఇమడ్చాలంటే దుకాణం సరుకు ఎక్కడో ఒకచోట నాసి కాక తప్పదు. అందుకని తక్కువ డబ్బున్నవాడికి నా సలహా: మార్పు లేని నాలుగు రెట్ల స్కోపు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం, దాన్ని ఎవరూ అడగరు. బస్సులో డ్రైవరు పక్కన కూర్చుని స్పీడు ముల్లు చూడండి. మీకొక అంకె కనిపిస్తుంది, డ్రైవరుకి ఇంకొకటి. స్కోపులోనూ అంతే. కన్ను కొద్దిగా పక్కకి జరిగితే అడ్డగీత గురి మీంచి జరిగినట్టు కనిపిస్తుంది. దీన్ని పారలాక్స్ అంటారు. పెద్ద రైఫిళ్ళ స్కోపుల్ని సాధారణంగా 100 గజాలకి సరిచేసి పంపిస్తారు; రిమ్‌ఫైర్ స్కోపుల్ని సుమారు 50 గజాలకి. ఎంత ఖరీదైనదైనా మొదటి రకం మన దూరాల్లో మనకే ఎదురు తిరుగుతుంది. దుకాణంలోనే స్కోపుని కదలకుండా ఇసక సంచి మీద ఆనించి, 50 గజాల దూరంలో ఉన్న దేనిమీదైనా పెట్టి, తల అటూ ఇటూ జరిపి చూడండి. గీత కదలకపోతే తీసుకోవచ్చు.

మూడోది మరల పని. చాలా స్కోపుల్లో మర ఒక్క టిక్కు తిప్పితే 100 గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది. 25 గజాల దగ్గర అందులో నాలుగో వంతే. కాబట్టి అక్కడ గుండుని ఒక అంగుళం జరపాలంటే 16 టిక్కులు తిప్పాలి. కొన్నాక మొదటి పని ఇదీ: అయిదు తూటాలు కాల్చండి. 16 టిక్కులు కుడికి, 16 పైకి, 16 ఎడమకి, 16 కిందికి తిప్పుతూ, ప్రతి మలుపులో గురి మార్చకుండా కాల్చండి. చివరి గుంపు మొదటి గుంపు మీదే పడితే మీ డబ్బు దక్కినట్టే. పడకపోతే ఆ స్కోపు మీద ఏ పేరున్నా తిరిగి ఇచ్చెయ్యండి. పట్టీలు వదులైతే మంచి స్కోపూ అబద్ధమాడుతుంది కనక, పరీక్షకి ముందు వాటిని బిగించి చూసుకోండి. మన భావనపాడు, బారువ తీరాల ఉప్పుగాలికి అద్దంలోపల మసక పట్టకుండా నైట్రోజన్ నింపి మూసినదైతే మేలు.

ఇంతా చెప్పి అసలు మాట చెప్పకపోతే ద్రోహం. అంతర్జాతీయ 50 మీటర్ల పోటీలో రైఫిలుకి స్కోపు బిగించడమే నిషిద్ధం! అక్కడ పది మార్కుల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరంత. దాన్ని చిన్న రంధ్రంలోంచి చూసి కొట్టాలి. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే మూడు భంగిమల పోటీలో కంచు పతకం తెచ్చింది అలాగే. అతను రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేరినవాడు. స్టేషను చుట్టూ పెరిగిన మన పలాస కుర్రాళ్ళకి ఇంతకన్నా ధైర్యం ఏం కావాలి? స్కోపు కొనలేనని ఈ ఆట మానుకున్న మిత్రుల్ని నేనెరుగుదును. కొనలేకపోవడం ఈ ఆటకి అడ్డంకి కానే కాదు. అడ్డంకల్లా తూటాల ఖర్చు, క్లబ్బు రుసుము, నేర్పేవాడు దొరక్కపోవడం.

ఇంకో మాట, ఇది మా ఊళ్ళ గురించి. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుల భయం ఉత్తుత్తి భయం కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడికి ఒక రైతు చనిపోయాడు, మర్నాడు మరికొందరు గాయపడ్డారు. మత్తు సూది వేసి పట్టుకున్న ఆ ఎలుగూ బతకలేదు. మా మావయ్య నన్ను నిలబెట్టి అడిగాడు: "ఏటల్లుడూ, ఆ గొట్టం పెట్టీస్తే ఎలుగొడ్డు పడిపోద్దా?" పడదు మావయ్యా. స్కోపు చూపుని పెంచుతుంది గాని గుండు బలాన్ని పెంచదు. జీడిగుండంత సీసం ఎలుగుని చంపదు, గాయపరుస్తుంది. గాయపడ్డ ఎలుగు మర్నాడు పిక్కలేరడానికి వెళ్ళిన ఆడకూతురి మీద పడుతుంది. గురి తప్పిన గుండు మైలుకి మించి పోగలదు. తోట వెనకాల ఎవరి ఊరుందో దానికి తెలీదు. పైగా 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూలులో ఉంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఈ చిన్న రైఫిలుకీ లైసెన్సు కావాలి. 21 ఏళ్ళు నిండనివాడికి అది రాదు, క్లబ్బు శిక్షణకి వేరే నియమాలున్నాయి. తోటల్లో మనుషుల్ని కాపాడమని అటవీ శాఖని నిలదీద్దాం. ఆ పని పాయింట్ టూ టూ నెత్తిన పెట్టొద్దు.

చివరగా మన యూనియన్ పెద్దలకి ఒక మనవి. ఆటల నిధిలోంచి తలా ఒక స్కోపు అడగటం లేదు. మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టే ఒక్క మంచి టెలిస్కోపు కొనండి. రైఫిలుకి బిగించేది కాదు కనక పోటీల్లోనూ వాడుకోవచ్చు. గుండు ఎక్కడ పడిందో లేవకుండానే కాల్చినవాడికి తెలుస్తుంది. మిగిలిన డబ్బు బీద విద్యార్థుల క్లబ్బు రుసుముకీ, తూటాలకీ ఇవ్వండి. ఫైరింగు లేని చలికాలపు ఆదివారాల్లో అదే టెలిస్కోపుని టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకుపోదాం. చింతచెట్ల మీద గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ పిల్లల్ని సాకుతుంటాయి. జువాలజీవాళ్ళూ మనతో వస్తారు. ఒక్క అద్దం, రెండు పనులు. బీదవాళ్ళ కాలేజీకి ఇంతకన్నా చవక బేరం నాకు కనిపించడం లేదు.