బోర్డు పాతితే అడవి బతికినట్టేనా? లెక్క చూపండి!

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

మొన్న క్లాసులో ఒక సారు తెర మీద పెద్ద అంకె చూపించిండు: 73 శాతం. "లోకంలో వన్యప్రాణులు ఇంత పోయినయి. అడవిలోంచి మనుషుల్ని ఖాళీ చేయిస్తే తప్ప మిగిలినవి బతకవు" అన్నడు. వెనక బెంచీలో కూసున్న మా నల్లమల పిల్లలం ఒకరి మొహం ఒకరం చూసుకున్నం. మా ఇండ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. ఆ రోజు నోరు పెగల్లేదు. హాస్టల్‌కు వచ్చి ఆ అంకె ఏందో చదివినం. ఇప్పుడు చెప్తున్నం.

అది 2024 లివింగ్ ప్లానెట్ నివేదికలోని సూచీ. 1970 నుంచి 2020 దాకా 5,495 జాతులకు చెందిన సుమారు 35,000 మందల తగ్గుదలకు సగటు. అంతేగాని నూటికి 73 జంతువులు చచ్చినయని కాదు. ఒక చోట 10 నెమళ్లు 1కి పడిపోయినయి, ఇంకో చోట 1,000 జింకలు 950 అయినయి అనుకోండి. మొత్తం మీద తగ్గింది 6 శాతం లోపే. కానీ 90 శాతానికీ 5 శాతానికీ సగటు తీస్తే 47 దాటుతది. అసలు సూచీలో సగటు తీసే పద్ధతి వేరే గానీ, తీరు ఇదే. నష్టం అబద్ధమని మేం అనడం లేదు. నష్టం నిజమే. కానీ ఆ అంకె ఎవరు చేసిండ్రో చెప్పదు. నేరం మా మీద రాసింది అంకె కాదు, సారు.

రెండో మాట. ఎక్కడా రోడ్డు లేని రాతి గుట్ట చుట్టూ గీత గీసి, పదేండ్ల తర్వాత "చూడండి, మా రక్షణ వల్లే చెట్లు మిగిలినయి" అంటే ఎట్ల? ఆ గుట్టను ఎవడు దున్నేటోడు? లోకంలో చాలా రక్షిత ప్రాంతాలు ఇట్ల ఎత్తున, దూరాన ఉన్నయే. రక్షణ పనిచేసిందో లేదో తెలియాలంటే అదే వాలు, అదే వాన, అదే దూరం ఉండి బోర్డు లేని అడవితో పోల్చాలె. చదరపు కిలోమీటర్లు లెక్కపెట్టుడు కొలత కాదు.

లెక్క తప్పితే ఏమైతదో రాజస్థాన్‌లోని సరిస్కా చెప్తది. పాదముద్రలు చూసి 2004లో 16 పులులు ఉన్నయని కాగితం మీద రాసిండ్రు. 2005లో చూస్తే ఒక్కటీ లేదు. వేటగాళ్లు తుడిచిపెట్టిండ్రు. బోర్డు మాత్రం అట్లనే ఉంది.

మన అమ్రాబాద్ సంగతి చూడండి. మన మేకలు తిరిగితే పులికి ఇబ్బందట. అదే టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అన్నది. జనం కొట్లాడితే, ఆ సెప్టెంబర్‌లో రాష్ట్ర అసెంబ్లీ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. డ్రిల్లింగ్ మిషన్‌కు బెదరని పులి మా అవ్వ తేనె డబ్బాకు బెదురుతదా?

మనోళ్ల తప్పులు దాచొద్దు. ఉచ్చులు పెట్టేటోళ్లు మనలోనూ ఉన్నరు, అడ్డుకోవాలె. పులికి అలికిడి లేని చోటు కావాలె, అదీ ఒప్పుకుంటం. కానీ ఎవరు కదలాలో, ఎందుకు కదలాలో రుజువుతో, గ్రామసభ ముందు చెప్పాలె. 2006 అటవీ హక్కుల చట్టం అదే అంటది. 2030 నాటికి నేల, సముద్రం 30 శాతం కాపాడుతమని 2022 డిసెంబర్‌లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్న లక్ష్యంలోనూ ఆదివాసుల హక్కులను గౌరవించాలనే రాసి ఉంది. 30 మాత్రం అందరికీ గుర్తుంది, ఆ ముక్క ఎవరికీ గుర్తులేదు.

అందుకే మనం చేయాల్సిన పని ఒకటి. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకపోండి. ఏ చెలిమలో నీళ్లు ఏ నెల దాకా ఉన్నయి, ఏ పిట్ట కనబడుడు ఆగింది, తేనెపట్లు ఏ గుట్ట మీద ఎన్ని ఉన్నయి, తాతలను అడిగి తేదీ వేసి రాయండి. ఏటా అదే చోట, అదే నెలల రాయండి. గ్రామసభ రిజిస్టర్‌లోకి ఎక్కించండి. వన్యప్రాణులను, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఆ చట్టంలోని 5వ సెక్షనే ఇచ్చింది.

ఇంకోసారి ఎవరన్నా తెర మీద అంకె చూపించి వేలు మన దిక్కు పెడితే, మన చేతిలోనూ ఒక లెక్క ఉండాలె. ఈసారి వెనక బెంచీలో కూసోం.

జల్, జంగల్, జమీన్. జై ఆదివాసీ!