శ్రీనివాస్ నెమ్మదించిన చోట

మాండలిన్ శ్రీనివాస్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది వేగం. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల పాలకొల్లు పిల్లాడు తొలి కచేరీ చేసింది మొదలు, 2014 సెప్టెంబర్‌లో నలభై అయిదేళ్లకే వెళ్లిపోయేదాకా, చప్పట్లు ఎక్కువ పడింది ఆ వేళ్ల పరుగుకే. క్యాసెట్ల కాలంలో మా నిజామాబాద్ వైపు ఆయన్ను ప్రేమించిందీ అందుకే. అలాంటిది, రియల్ వరల్డ్ సంస్థ 1995లో తెచ్చిన ‘డ్రీమ్’ ఆల్బమ్‌ను ఇన్నేళ్లకు రుద్రూర్‌లో ఒక మిత్రుడి ఇంట్లో మొదటిసారి విన్నప్పుడు కొంచెం విసుగే కలిగింది. ఉన్నవి నాలుగే అంశాలు: డాన్స్, థింక్, రన్, డ్రీమ్. మనకు తెలిసిన కృతి ఎత్తుకోడు, సాహిత్యం తోడు రాదు. రాగం పేరు పట్టేద్దామని కాచుకున్న చెవులకు పనే లేకుండా పోయింది.

ఆయన పక్కన ఉన్నది కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్. యాంబియంట్ సంగీతానికి ఆ పేరు పెట్టి దారి చూపిన బ్రయన్ ఈనోతో కలిసి పనిచేసినవాడు. ఈనో ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ వచ్చిందీ మన గుడివాడ కచేరీ రోజుల్లోనే. శ్రద్ధ పెడితే వినిపించాలి, పెట్టకపోయినా గదిలో తన పాటికి తాను ఉండాలి అన్నది ఆ సంగీతం పద్ధతి. చెవులు రిక్కించి, తొడ మీద తాళం వేస్తూ వినే మన శ్రోతకు ఇది మర్యాద తప్పినట్టే ఉంటుంది.

కానీ ఈ మాట రుద్రూర్‌లో చెబితే నవ్వుతారు. చెరకు పరిశోధనా కేంద్రం ఉన్న ఊరు ఇది. చుట్టూ ఒకప్పుడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీని నమ్ముకున్న చెరకు పల్లెలు. ఆ ఫ్యాక్టరీవాళ్ల శక్కర్‌నగర్ క్వార్టర్లలో పెరిగినవాళ్లను అడగండి: క్రషింగ్ సీజన్‌లో మిల్లు మోత ఎవరైనా పనిగట్టుకుని విన్నారా? లేదు. 1937లో మొదలైన ఆ మిల్లు, నిజాం షుగర్స్, 2015 డిసెంబర్‌లో మూతపడ్డాకే, ఇన్నాళ్లూ అది వినిపిస్తూ ఉండేదని తెలిసింది. ఈనో కోరిన వినికిడి మన దగ్గర ఎప్పటినుంచో ఉంది, దాన్ని సంగీతమని అనుకోలేదు, అంతే.

ఇక మాండలిన్ సంగతి. మీటిన తీగ నాదం వెంటనే సన్నగిల్లిపోవడం ఈ వాద్యానికి పుట్టుకతో వచ్చిన ఇబ్బంది. పాశ్చాత్యులు దాన్ని దాటడానికి ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ వణికిస్తారు. ఆ పద్ధతి మన గమకానికి సరిపోదు. శ్రీనివాస్ జంట తీగల మాండలిన్‌ను వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టింది ఇందుకే. తీగను లాగితే స్వరం సాగాలి, సాగినంతసేపు వినపడాలి. విద్యుత్తు సాయం తీసుకున్నా ఆ నాదానికి ఒక హద్దుంది. హద్దు వచ్చేలోగా మరో స్వరం పలకాలి. ఆయన వేగంలో విద్వత్తు ఎంతో, ఈ అవసరం కూడా అంతే ఉందని మాకు ఈ ఆల్బమ్ విన్నాకే తోచింది.

ఎందుకంటే బ్రూక్ చేతిలో ఉన్నది ‘ఇన్ఫినిట్ గిటార్’. తీగ కదలికను ఎలక్ట్రానిక్స్‌తో మళ్లీ తీగకే అందిస్తూ, పలికిన స్వరాన్ని ఆపేదాకా ఆరిపోనివ్వకుండా నిలబెట్టే ఏర్పాటు అది. బ్రూక్ స్వయంగా తయారుచేసుకున్నాడు. యూటూ బృందం 1987 పాట ‘విత్ ఆర్ వితౌట్ యూ’లో ఆ బృందం గిటారిస్టు ఎడ్జ్ వాయించిందీ అలాంటి గిటారే. త్వరగా ఆరిపోయే తీగ పక్కకు ఎప్పటికీ ఆరని తీగ వచ్చి కూర్చుంది. తంబురా చేసే పని కూడా నాదాన్ని తెగనివ్వకపోవడమే కానీ, అది ఉన్నచోటే ఉంటుంది. బ్రూక్ గిటార్ నాదం నెమ్మదిగా జరుగుతుంది, రంగు మారుతుంది. ఖాళీని నింపే బాధ్యత తన మీద లేదని తెలిశాక శ్రీనివాస్ ఒక స్వరం మీద ఆగుతాడు, దాన్ని కిందికి జారనిస్తాడు, తర్వాతిదానికి తొందరపడడు. కచేరీల్లో ఆలాపన మొదట్లో కాసేపే దొరికే ఈ మనిషి ఇక్కడ చాలాసేపు మనతో ఉంటాడు.

అన్నిచోట్లా కాదు. ‘రన్’ పేరుకు తగ్గట్టే దరువు పట్టుకుని పరుగు తీస్తుంది. అక్కడ మళ్లీ మనకు తెలిసిన శ్రీనివాసే. వెనక పొరలు మరీ దట్టమైనచోట మాండలిన్ నగలా మెరిసి పోతుంది తప్ప మాట్లాడదు. సాహిత్యం తెలిసినవాళ్లకు ఈ సంగీతం గొంతులో మాట లేని వెలితి కూడా ఉంటుంది. ఆ ఫిర్యాదు న్యాయమైనదే.

ఇదే బ్రూక్ ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్‌తో చేసిన ‘ముస్త్ ముస్త్’, ‘నైట్ సాంగ్’ గురించి లోకం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ‘డ్రీమ్’ పేరు మన తెలుగువాళ్ల నోట కూడా మాకు పెద్దగా వినపడలేదు. ఇది తారుమారైన లెక్క అని మా అభిప్రాయం. నుస్రత్ గొంతుకు స్వరం నిలబెట్టేవాడు అక్కర్లేదు, ఆయన ఊపిరే ఆ పని చూసుకుంటుంది. బ్రూక్ అవసరం నిజంగా పడింది పాలకొల్లు మాండలిన్‌కే. వినాలనుకుంటే ‘డాన్స్’తో కాకుండా చివరిదైన ‘డ్రీమ్’తో మొదలుపెట్టండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, కింది స్వరాలు దాంట్లో సగం చచ్చిపోతాయి.