ఫిబ్రవరి 28 ఎవరిది?

2002 ఫిబ్రవరి 28న అహ్మదాబాదు గుల్బర్గ్ సొసైటీలో 69 మందిని చంపారు. మాజీ ఎంపీ ఎహ్సాన్ జాఫ్రీ వాళ్లలో ఒకరు. 2011లో అదే తారీఖున మా టెక్కలి పక్కన కాకరాపల్లిలో, థర్మల్ ప్లాంటు వద్దన్న మత్స్యకారుల మీద, రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. తంపరను కాపాడుకోబోయినవాళ్లు నేలకొరిగారు.

తారీఖులు కలవడం యాదృచ్ఛికమే. క్యాలెండరు ఎవర్నీ చంపదు. అక్కడ పోలీసులు కాపాడలేదు. ఇక్కడ పోలీసులే కాల్చారు.

గుల్బర్గ్‌ను యాద్ చేసుకునే నా కౌమ్‌కి కాకరాపల్లి ఎందుకు గుర్తురాదు? కాకరాపల్లికి నివాళులర్పించే సెక్యులర్ మిత్రులారా, గుల్బర్గ్ మీకు ‘ముస్లింల విషయం’ ఎప్పుడైంది? పేరడిగి శవాన్ని మోస్తామా?

ముస్లింవా, సిక్కోలువాడివా అని నన్నడక్కండి. ఆ రోజు నా భుజం మీద జనాజా ఉంటుంది, పాడె కూడా ఉంటుంది.